లాగని బండి, టర్బో ఆశ

రాజీవ్ రహదారి మీద ఆగిపోయిన లారీని లాక్కురావడానికి వెళ్లే బండి చాలాసార్లు ఆ లారీకన్నా పాతది. ఏపీ 15 నంబరు ప్లేటు ఇంకా మాసిపోని టాటా 1210 ఛాసిస్ మీద ఇనప బూమ్, చైన్ పుల్లీ బిగించింది ఒకటి ఉంటుంది. ఆర్మీ వేలంలో కొని రంగు మార్చిన శక్తిమాన్ ఇంకొకటి. సరుకు మోసే వయసు దాటిన బండికి మన దగ్గర దొరికే రెండో ఉద్యోగం ఇదే.

అది లాగాల్సిన బండ్లు మాత్రం బరువెక్కుతూ పోయాయి. 2018 జూలైలో కేంద్రం యాక్సిల్ బరువులు సవరించి, పది టైర్ల లారీ మొత్తం బరువు పరిమితిని 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెంచింది. గోదావరిఖని బొగ్గు, బసంత్‌నగర్ సిమెంటు, కరీంనగర్ చుట్టుపక్కల క్వారీల గ్రానైటు, యాసంగి వడ్లు, అన్నీ ఈ రోడ్ల మీదే నడుస్తాయి. అలాంటి లారీ ఒకటి మిట్ట నడుమ ఆగిపోయి, దాన్ని తగిలించుకున్న పాత బండి నల్లపొగ కక్కుతూ మూలిగిందనుకోండి. సాయంత్రానికి షెడ్డులో మాట మొదలవుతుంది. "సేటూ, టర్బో ఎక్కిద్దామా? రెండు రోజుల పని."

నా జవాబు ముందే చెప్పేస్తాను. పది మంది అడిగితే ఎక్కువ మందికి వద్దంటాను. ఒకరిద్దరికి సరేనంటాను, అదీ కొన్ని షరతులతో. ఆ ఒకరిద్దరిలో మీరు ఉన్నారో లేదో తేల్చుకోవడానికే ఈ అధ్యాయం.

పోయిన బలం ఎంత?

ఇరవై ఏళ్లు తిరిగిన ఇంజను ఫ్యాక్టరీలో ఉన్న బలంతో లేదు. అది ఎంత కోల్పోయిందో కొలవకుండా కొత్త బలం కొనడం, ఉన్న అప్పు తెలియకుండా ఇంకో అప్పు చేయడమే. బండి లాగట్లేదంటే దానికి టర్బో లేకపోవడం కారణం కాదు. కొన్న రోజున కూడా దానికి టర్బో లేదు, అయినా లాగింది. మధ్యలో ఏం పోయిందన్నదే అసలు ప్రశ్న.

మొదట గాలి. పాత లారీల్లో చాలావాటికి ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ ఉంటుంది. క్వారీ రోడ్డులో తిరిగే బండికి ఆ గిన్నెలో ఆయిల్ కాదు, బురద ఉంటుంది. టాటా 697 ఇంజను సంగతి చూడండి. 6 సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు, మొత్తం 5,675 సీసీ. 2,400 ఆర్‌పీఎం దగ్గర అది నిమిషానికి సుమారు 5,800 లీటర్ల గాలి పీల్చాలి. ఆ దారిలో బురద అడ్డం పడితే ఎంత డీజిల్ పోసినా అది పొగగానే బయటికొస్తుంది.

తర్వాత పంపు, నాజిళ్లు. పేరు బాష్‌గా మారినా మన షెడ్లలో ఇంకా మైకో పంపు అనే అంటారు. ఆ పంపులోని ఎలిమెంట్లు అరిగితే ఒక సిలిండరుకు ఎక్కువ, ఇంకోదానికి తక్కువ డీజిల్ వెళ్తుంది. ఎక్కువ అందిన సిలిండరు పొగ కక్కుతుంది, తక్కువ అందింది బద్ధకంగా తిరుగుతుంది. డ్రైవరు మాత్రం మొత్తం ఇంజనే పోయిందంటాడు. నాజిల్ చినుకు చినుకుగా కారుతుంటే పిస్టన్ తలమీద ఒకేచోట మంట పడుతుంది. బెంచ్ మీద పెట్టి కాలిబ్రేషన్ చేయించడం ఒక పూట పని. దాన్ని ఏళ్ల తరబడి వాయిదా వేసి, చివరికి టర్బోకు డబ్బు కూడబెట్టేవాళ్లు ఎందరో.

మూడోది కంప్రెషన్. ఇంజను వేడెక్కాక ఆయిల్ పోసే మూత తీసి చూడండి. సన్నటి ఆవిరైతే పరవాలేదు. ఇంజను తిరిగే లయలోనే బుస్సు బుస్సుమని పొగ తన్నుకొస్తే లైనర్లు, రింగులు అయిపోయాయి. అంటే బోరుకు వచ్చిన ఇంజను. దానిమీద టర్బో పెడితే, గాలి ఒత్తిడి ఎంత పెరిగితే అంత కిందికి, ఆయిల్ సంపులోకి తప్పించుకుంటుంది.

ఇంజనుతో సంబంధం లేనివి కూడా కొన్ని ఉన్నాయి. వీటిని ఎవరూ చూడరు. వెనక చక్రం జాకీ మీద లేపి, న్యూట్రల్‌లో చేత్తో తిప్పితే తిరగాలి. బిగుసుకుంటే బ్రేకు లైనింగు డ్రమ్మును పట్టుకునే ఉంది. బండి తన శక్తిలో కొంత తన బ్రేకులను లాగడానికే ఖర్చు చేస్తోంది. మిట్ట మీద ఇంజను చప్పుడు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు జారుతోంది. సైలెన్సర్ లోపలి జల్లెడ మసితో మూసుకుపోయి ఉండొచ్చు. పాత యజమాని ఎప్పుడో వేగం కోసం క్రౌన్ పినియన్ మార్పించి ఉంటే, ఆ రేషియో రోడ్డు మీద పరుగుకు పనికొస్తుంది కానీ లాగుడుకు కాదు.

ఇవన్నీ సరిచేయిస్తే చాలా బండ్లు మళ్లీ లాగుతాయి. టర్బో మాట అక్కడితో ఆగిపోతుంది.

టర్బో నిజంగా చేసేది

డీజిల్ ఇంజనులో కాలే డీజిల్‌లో దాదాపు మూడో వంతు శక్తి వేడి పొగ రూపంలో సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. టర్బో ఆ పొగను ఒక చక్రం మీదికి తోలుతుంది. అదే ఇరుసుకు అవతలి చివర ఉన్న ఇంకో చక్రం బయటి గాలిని పీల్చి, ఒత్తి సిలిండర్లలోకి కూరుతుంది. కమ్మరి కొలిమికి తిత్తి ఎలాగో ఇంజనుకు టర్బో అలాగ. కాకపోతే ఈ తిత్తిని ఊదేది కొలిమిలోంచి వచ్చే పొగే. ఆ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు కూడా తిరగగలదు. దాన్ని పట్టుకుని ఉండేది పలచటి ఆయిల్ పొర ఒక్కటే.

ఈ ఆలోచనకు పేటెంటు తీసుకున్నది ఆల్ఫ్రెడ్ బూహి అనే స్విస్ ఇంజనీరు, 1905లో. అది ఓడల్లో పని చేయడానికి మాత్రం దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది. 1920ల్లో రెండు జర్మన్ ఓడల ఇంజన్లను ఆయన పద్ధతితో 1,750 హార్స్‌పవర్ నుంచి 2,500కు తెచ్చారు. మరి మధ్యలో అన్నేళ్లు ఎందుకు? ఆ వేడికి, ఆ ఒత్తిడికి, ఆ వేగానికి నిలిచే సామగ్రి అప్పటికి సరిగా లేదు. గాలి కూరడం వల్ల వచ్చే వేడిని భరించేదెవరన్నదే టర్బో చరిత్ర మొదటి నుంచీ ఎదుర్కొన్న ప్రశ్న. మీ షెడ్డులో కూడా ప్రశ్న అదే.

గాలి పెరిగినంత మాత్రాన బలం రాదు. గాలితో పాటు డీజిల్ పెంచాలి. పంపు ముట్టుకోకుండా టర్బో బిగిస్తే పొగ తగ్గుతుంది, ఇంజను కొంచెం చల్లగా తిరుగుతుంది, లాగుడులో తేడా స్వల్పం. అది చూసి యజమాని నిరాశపడతాడు. మెకానిక్ పంపు స్క్రూ తిప్పి "ఆయిల్ పెంచుతడు", అంటే డీజిల్. అప్పుడు బండి ఎగురుతుంది. ఆ ఆనందంలో పిస్టన్ ఎంత వేడెక్కుతోందో ఎవరూ చూడరు.

అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. పిస్టన్లకు వాడే మిశ్రమాలు ఇంకా ముందే మెత్తబడతాయి. ఫ్యాక్టరీలో టర్బోతో పుట్టిన ఇంజనుకు ఈ వేడి తట్టుకునే ఏర్పాట్లు ఉంటాయి. చాలావాటిలో పిస్టన్ కడుపు మీదికి కిందినుంచి ఆయిల్ చిమ్మే జెట్లు, పై రింగు గాడికి ఇనుప తొడుగు, పెద్ద ఆయిల్ పంపు, ఆయిల్ కూలర్, తగ్గించిన కంప్రెషన్ నిష్పత్తి చూస్తాం. టర్బో లేకుండా పుట్టిన ఇంజనుకు వీటిలో కొన్నో, అన్నీనో ఉండవు. పైకి రెండు బ్లాకులూ ఒకేలా కనిపిస్తాయి. టాటా 697కూ దాని టర్బో తమ్ముడికీ బోరు ఒకటే, పోలిక ఒకటే. "రెండూ ఒకటే సేటూ, టర్బో ఒక్కటే తేడా" అనే మాట ఇక్కడినుంచే పుడుతుంది. ఆ మాట నమ్మొద్దు.

మన ఎండ లెక్క

రామగుండంలో వేసవి ఎలా ఉంటుందో ఈ ప్రాంతం వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. 45 డిగ్రీల గాలి 15 డిగ్రీల గాలికన్నా దాదాపు పదో వంతు పలచన. అంటే మే నెలలో మీ ఇంజను పీల్చే గాలే తక్కువ. డిసెంబరులో లాగిన మిట్టను మేలో లాగలేకపోవడానికి ఇదొక కారణం. దానికి టర్బో విరుగుడే.

కానీ ఆ గాలినే ఒత్తితే ఇంకా కాగుతుంది. 45 డిగ్రీల గాలిని అర బార్ బూస్టుకు ఒత్తేసరికి, మామూలు టర్బోలో అది సుమారు 100 డిగ్రీలకు చేరుతుంది. అందువల్ల ఒత్తిడి యాభై శాతం పెరిగినా లోపలికి వెళ్లే గాలి బరువు పెరిగేది నాలుగో వంతు పైచిలుకే. మధ్యలో ఇంటర్‌కూలర్ పెట్టి దాన్ని 60 డిగ్రీలకు దించగలిగితే పెరుగుదల నలభై శాతం దాటుతుంది, పిస్టనుకు చేరే వేడీ తగ్గుతుంది. మన ఎండల్లో ఇంటర్‌కూలర్ లేని టర్బో సగం పని. అయితే అది రేడియేటరు ముందు నిలబడితే రేడియేటరుకు వెళ్లే గాలి వేడెక్కుతుంది. బోరు నీళ్లు పోసి పోసి సున్నం పట్టిన రేడియేటరైతే అక్కడే చేతులెత్తేస్తుంది. ఒకటి పెడితే ఇంకోటి మార్చాలి. టర్బో ఖర్చు టర్బో ధరతో ఎప్పుడూ ఆగదు.

అసలు ఎంత బలం కావాలి?

ఈ లెక్క ఏ షెడ్డులోనూ వేయరు. అందుకే కొంచెం ఓపిక పట్టండి.

మీ రికవరీ బండి 10 టన్నులు, లాగుతున్న ఖాళీ లారీ 10 టన్నులు, మొత్తం 20 అనుకుందాం. చదును తారు రోడ్డు మీద గంటకు 25 కిలోమీటర్లతో వెళ్లడానికి చక్రాల దగ్గర కావాల్సింది సుమారు 15 హార్స్‌పవర్. ఆశ్చర్యంగా ఉన్నా అంతే. ఇదే బరువుతో, ఇదే వేగంతో నూటికి 5 వంతు ఎత్తుండే మిట్ట ఎక్కాలంటే మాత్రం 105 దాటుతుంది. మిట్ట అదే ఉంచి వేగం గంటకు 8 కిలోమీటర్లకు దించితే, 34 చాలు.

టాటా 1210 అంటే 12 టన్నుల తరగతి, 100 హార్స్‌పవర్ చుట్టూ ఉండే బండి. ఆ పేరులో సంఖ్యలు చెప్పేవి అవే. గేర్‌బాక్సులో, డిఫరెన్షియల్‌లో కొంత పోయినా, మొదటి రెండు గేర్లలో ఆ బండికి 20 టన్నులను ఆ మిట్ట ఎక్కించే సత్తా ఉండాలి. ఎక్కించలేకపోతుంటే దానికి ఏదో జబ్బుంది. పైన చెప్పిన తనిఖీ ఆ జబ్బు కోసమే.

ఇంకో సంగతి. చెడిపోయిన బండిని ఇంకో బండి లాక్కెళ్లేటప్పుడు గంటకు 25 కిలోమీటర్లు దాటకూడదని, రెంటి మధ్య దూరం 5 మీటర్లు మించకూడదని మన డ్రైవింగ్ నిబంధనలు చెప్తాయి. చట్టం నడవమన్న వేగమే అదైతే, మిట్ట మీద 40తో ఎక్కాలన్న కోరికకు ఖర్చు పెట్టడమెందుకు? అల్గునూరు చౌరస్తా నుంచి పెద్దపల్లి దాకా కొన్ని మిట్టలు తప్ప ఎక్కువగా చదును రోడ్డే. ఆ మేరకు తిరిగే రికవరీ బండికి టర్బో ఇచ్చేదాంట్లో ఎక్కువ భాగం డ్రైవరు సంబరం. పక్కవాడి కొత్త బండి తనను దాటి వెళ్లినప్పుడల్లా పుట్టే ఉక్రోషాన్ని కూడా మనం తరచుగా అవసరమనే అనుకుంటాం. దాని బిల్లు మాత్రం పెద్దగా వస్తుంది.

మరి ఎవరికి సరే? ట్రైలర్ తగిలించుకుని రోజూ ఘాట్ ఎక్కేవాళ్లకు. నిర్మల్ దాటి ఆదిలాబాద్ వైపు పాత రోడ్డులో మహబూబ్ ఘాట్ మీదుగా బరువులు తోలిన డ్రైవర్లకు ఇంజను ఊపిరాడకపోవడం అంటే ఏమిటో తెలుసు. అలాంటి దారిలో గంటల తరబడి పూర్తి బరువుతో, రెండో గేరులో, నల్లపొగతో నడిచే ఇంజనుకు అదనపు గాలి నిజంగా ఊరట. ఇప్పటికే ఎక్కువ డీజిల్ తాగి సగం కాల్చకుండా వదిలే బండికి టర్బో పెట్టి, డీజిల్ పెంచకుండా వదిలేస్తే మైలేజీ కొంత మెరుగుపడవచ్చు కూడా. డీజిల్ పెంచి, బలం వాడుకుంటూ, "మైలేజీ కూడా పెరుగుతది" అనేవాళ్ల మాట మాత్రం నమ్మకండి. బలం ఊరికే రాదు, ట్యాంకులోంచే వస్తుంది.

సర్కారు కాగితం

మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు, ఆర్‌సీలో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో ఒక కేరళ కేసులో సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ కింద, అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. శిక్ష పడేది యజమానికి. "అందరూ చేయిస్తుండ్రు" అని భరోసా ఇచ్చిన మెకానిక్‌కు కాదు.

జరిమానాకన్నా నాకు ఎక్కువ భయం ఇన్సూరెన్సు సంగతి. ప్రమాదం జరిగి సర్వేయరు బానెట్ ఎత్తి, ఆర్‌సీలో లేని టర్బో చూశాడంటే, క్లెయిము తిరస్కరించడానికి కంపెనీకి ఒక సాకు మీరే చేతికిచ్చినట్టు.

అందుకే విడిగా అమ్మే టర్బో కిట్టుకన్నా, అదే కంపెనీ, అదే కుటుంబం, ఫ్యాక్టరీ టర్బోతో వచ్చిన పూర్తి ఇంజను మార్పించుకోవడం నాకు నచ్చే దారి. పిస్టన్లు, ఆయిల్ జెట్లు, పంపు సెట్టింగు అన్నీ ఒకదానికొకటి కుదిరి వస్తాయి. విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్ ఆటోనగర్‌లోనో వెతికితే తుక్కుకు వెళ్లిన లారీల ఇంజన్లు దొరుకుతాయి. కొనేటప్పుడు ఇంజను నంబరు ఉన్న బిల్లు, పాత బండి కాగితం అడగండి. కాగితం లేని ఇంజను ఎంత చవకైనా వదిలేయండి. బండి విప్పక ముందే రవాణా శాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా అనుమతి కోరండి. మార్పు చేశాక 14 రోజుల్లోగా తెలియజేయాలని చట్టమే చెప్తుంది. వాళ్లు కాదంటే ఆ మాట డబ్బు పోకముందే తెలిసినట్టు.

బండి ఎనిమిదేళ్లు దాటితే ఏటా ఫిట్‌నెస్ చేయించాలన్నది కూడా లెక్కలో పెట్టుకోండి. వచ్చే ఏడు ఫిట్‌నెస్ దాటుతుందో లేదో తెలియని క్యాబిన్ కింద కొత్త ఇంజను పెట్టడం నా దృష్టిలో డబ్బు పారేసుకోవడమే.

వేయించేది ఖాయమైతే

అనుమతి వచ్చింది, ఇంజను ఆరోగ్యంగా ఉంది, ఘాట్ పని రోజూ ఉంది. అప్పుడు ముందు కొనాల్సింది టర్బో కాదు, రెండు మీటర్లు. ఒకటి బూస్టు మీటరు. రెండోది పైరోమీటరు, అంటే మానిఫోల్డులో టర్బోకు ముందు పొగ ఎంత వేడిగా ఉందో చూపించేది. లాగుడు మీద ఆ ముల్లు 650 డిగ్రీలు దాటి నిలబడుతుంటే కాలు తీసి గేరు దించమని డ్రైవరుకు నేర్పండి. ఈ మీటరు లేకుండా టర్బో ఎక్కించే షెడ్డు నుంచి బండి వెనక్కి తిప్పుకోండి.

టర్బో లేకుండా పుట్టిన ఇంజనైతే అర బార్ బూస్టు దగ్గర ఆగండి. దానికి మించి అడిగితే హెడ్ గాస్కెట్ ముందు తిరగబడుతుంది, తర్వాత పిస్టన్. పంపును బండి మీదే స్క్రూ తిప్పి కాకుండా, బెంచ్ మీద బూస్టుకు తగినట్టు సెట్ చేయించండి. బూస్టు వచ్చాకే డీజిల్ పెంచే డయాఫ్రమ్ ఏర్పాటు పంపుకు ఉంటే మేలు. అది లేకపోతే మిట్ట మొదట్లో, టర్బో ఇంకా మేలుకోకముందే, డీజిల్ ముందు పరుగెత్తి నల్లపొగ వస్తుంది.

టర్బోలు ఎక్కువగా చచ్చేది ఆయిల్ దగ్గరే. పైనుంచి ఆయిల్ వచ్చే పైపుకన్నా, కిందికి తిరిగివెళ్లే పైపు మీద కన్నేయండి. అది లావుగా, వంపులు లేకుండా, నిట్టనిలువుగా సంపులోకి దిగాలి. సంపులో ఆయిల్ మట్టానికి పైనే కలవాలి. అక్కడ అడ్డం పడితే ఆయిల్ సీలు దాటుకుని గాలి దారిలోకి వస్తుంది. మొదట నీలిపొగ. అది ఎక్కువైతే ఇంజను ఆ ఆయిల్‌నే డీజిల్‌లా కాల్చుకుంటూ, తాళం తిప్పినా ఆగకుండా రేసవుతుంది. అప్పుడు డీజిల్ ఆపి లాభం లేదు. గాలి దారి మూయాలి, దానికి తగిన చెక్క మూత క్యాబిన్‌లో ఉంచుకోవాలి. చేయి అడ్డం పెట్టకూడదు. గేరులో పెట్టి, బ్రేకు మీద నిలబడి, క్లచ్ వదిలి ఆపడం రెండో దారి.

గాలి ఫిల్టరు మాటకొస్తే, ఆయిల్ బాత్ పీకేసి మంచి కాగితపు ఎలిమెంటు పెట్టాల్సిందే. గ్రానైటు దుమ్ము మామూలు దుమ్ము కాదు. ఇనుమును గీరగలిగే రాతి నుసి. లక్ష చుట్లు తిరిగే కంప్రెసర్ రెక్కల అంచులను అది రోజుకింత తినేస్తుంది. ఫిల్టరు నుంచి టర్బో దాకా ఉన్న రబ్బరు గొట్టానికి సూదంత పగులున్నా ఫిల్టరు ఉన్నట్టే కాదు. క్వారీలకు వెళ్లే బండి యజమాని వారానికోసారి ఈ గొట్టాన్ని వేలితో తడిమి చూడాలి. క్లీనరుకు వదిలేయొద్దు.

డ్రైవరు మార్చుకోవాల్సిన అలవాటు ఒకటే. ఘాట్ ఎక్కి చాయ్ హోటల్ ముందు ఆపగానే తాళం తిప్పకూడదు. రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో తిరగనివ్వాలి. ఎర్రగా కాగిన ఇరుసు మీద ఆయిల్ ప్రవాహం ఒక్కసారి ఆగితే, అక్కడున్న ఆయిల్ మాడి బొగ్గవుతుంది. డీజిల్ వృథా అని యజమానే కేకలేస్తుంటాడు కాబట్టి ఈ మాట డ్రైవరుకన్నా ముందు యజమానికి చెప్పాలి.

ఎక్కింది దిగాలి కదా

టర్బోతో ఎక్కిన బరువు అవతల దిగాలి. దిగేటప్పుడు టర్బో ఏమీ చేయదు. అంతకుముందు మూలుగుతూ ఎక్కే బండి తక్కువ బరువే తీసుకెళ్లేది, ఇప్పుడు ఎక్కువ తగిలిస్తారు. బ్రేకులు మాత్రం పాతవే. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్‌లో దిగుతున్న ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. ఆ బస్సులో పట్టాల్సిన వాళ్లకన్నా చాలా ఎక్కువ మంది ఉన్నారు. మన ప్రాంతంలో ఘాట్ రోడ్డు దిగుతున్న ఏ బరువు బండి గురించి మాట్లాడినా ఆ రోజు గుర్తుకు రావాల్సిందే. ఇంజను బలం పెంచే ఏ యజమానైనా అదే బిల్లులో బ్రేకు లైనింగులు, స్లాక్ అడ్జస్టర్లు, ఎగ్జాస్టు బ్రేకు రాయించాలి. వాటికి డబ్బు చాలదంటే టర్బోకు కూడా చాలనట్టే. అలాగే క్లచ్ ప్లేటు, ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులు, క్రౌన్ పినియన్ పాత బలానికి చేసినవే. మొదట ఏది విరుగుతుందో ముందే చెప్పలేం కానీ, అది విరిగేది మాత్రం బరువు మీద, మిట్ట నడుమే.

ఇంత చదివాక కూడా మనసు టర్బో వైపే లాగుతుంటే ఒక పని చేయండి. ఈ వారమే పంపు, నాజిళ్లు విప్పించి బెంచ్‌కు పంపండి. కొత్త ఎయిర్ ఫిల్టరు వేయించండి. నాలుగు చక్రాలూ లేపి తిప్పి చూడండి. తర్వాత ఒక నెల అదే దారిలో, అదే బరువులతో నడిపి, డీజిల్ లెక్క రాసుకోండి. ఆ నెల గడిచాక కూడా బండి లాగకపోతేనే టర్బో ధర అడగండి.